పసుపు పట్టీ కింద పిల్లలు

ఆరోగ్య కేంద్రంలో కంప్యూటర్ ముందు కూర్చునే ఆయన్ని పేటంతా డబ్బా బాబాయ్ అంటుంది. ఆ పేరు కంప్యూటర్ వల్ల వచ్చింది కాదు. కంప్యూటర్ ఆ గడప తొక్కకముందే, సొంత డబ్బా కొట్టుకోవడంలో ఆయన్ని మించినవాడు లేడని తేలిపోయి పేరు స్థిరపడిపోయింది. ఎనిమిదో తరగతిలోనే చదువు ఆగింది. ఎందుకు మానేశావని అడిగితే, "నేనెక్కడ మానేశాను? నన్ను భరించలేక బడే నన్ను మానేసింది," అంటాడు. తరవాత కొన్నాళ్లు దర్జీ కొట్టులో కాజాలు కుట్టాడు. కొన్నాళ్లు జిరాక్స్ కొట్టులో పనిచేశాడు. అక్కడ మిషన్ చెడిపోయిన రోజున తాను కాగితం వైపు రెప్ప వేయకుండా చూస్తే దాని నకలు ఎదురుగోడ మీద అచ్చుపడిందని ఇప్పటికీ చెబుతాడు. ఆ గోడకు సున్నం వేసేశారు కాబట్టి సాక్ష్యం మాత్రం లేదు.

టైపింగ్ ఒక్కటే నిజంగా వచ్చు. అది చూసే ఆయన వదిన, ఆ కేంద్రంలో టీకాలు వేసే నర్సు, పట్టుకొచ్చి అక్కడ కూర్చోబెట్టింది.

"నా వేళ్ల వేడికి కీబోర్డు మీద అక్షరాలు ఎలా కరిగిపోయాయో చూడు వదినా!"

"కరగలేదయ్యా. నువ్వు టీ ఒలకబోసి సబ్బుగుడ్డతో రుద్దితే పోయాయి. వాసన ఇంకా వస్తోంది."

ఇలా రోజులు గడుస్తుండగా కొత్త ఏర్పాటు ఒకటి వచ్చింది. దేశంలో ఏ మూల ఏ బిడ్డకు ఏ టీకా పడిందో, ఇంకా ఎవరికి పడాలో అంతా ఒకేచోట కనిపించాలట. దాన్ని బట్టే ఏ కేంద్రానికి ఎంత మందు పంపాలో లెక్క తేలుతుందట. ప్రోగ్రామ్ ఒక దేశం వాళ్లు రాశారు. కంప్యూటర్లు ఇంకో దేశం వాళ్లు ఇచ్చారు. నేర్పడానికి మూడో దేశం నుంచి ఒకావిడ వచ్చింది. ఆవిడ ఇక్కడి భాషను పుస్తకాలు చూసి నేర్చుకుంది.

"నమస్కారము. మీరందరును కుశలమే గదా?" అంది వస్తూనే.

"వదినా, ఈవిడ మాట్లాడుతోందా, శాసనం చదువుతోందా?" అన్నాడు బాబాయ్ గుసగుసగా. ఆ పూటకే ఆవిడకు పంతులమ్మ అనే పేరు పడిపోయింది.

కంప్యూటర్లో రెండు పుటలుంటాయనీ, ఒకటి చేయి తిరగడానికి ఊరికే రాసుకునేదనీ, రెండోది అసలుదనీ పంతులమ్మ విడమరచి చెప్పింది. చెప్పిందిగానీ, సరిగ్గా ఆ ముక్క చెప్పే వేళకు మన బాబాయ్ వెనక బల్లవాళ్లకు జిరాక్స్ మిషన్ కథ చెబుతున్నాడు. కథ గోడదాకా వచ్చేసరికి పాఠం అయిపోయింది.

ఇక రాయండి అనగానే ఆయన చేతులు ఊరుకుంటాయా? తొమ్మిది కిలోల బరువుతో ఒక ఆడపిల్లను పుట్టించాడు. పుట్టిన రోజే నడిచొచ్చి టీకా వేయించుకున్న మగపిల్లాణ్ణి పుట్టించాడు. పుట మారుమాట్లాడకుండా అన్నీ మింగింది. ఏం చెప్పినా ఎదురు ప్రశ్న వేయకుండా వినేవాడు ఆయనకు జన్మలో మొదటిసారి దొరికాడు.

పంతులమ్మ వెళ్లిపోయాక ఆ రెండో పుటను కూడా ఒకసారి తెరిచి చూశాడు. అదంతా పరాయి భాషలో ఉంది. పైగా మొదటి బిడ్డ పుట్టినరోజు కొట్టగానే ఎర్రగా గుడ్లురిమింది. "మన భాషలో మర్యాదగా మాట్లాడేది ఉండగా దీనితో గొడవెందుకు?" అనుకుని మూసేశాడు. మర్యాదగా మాట్లాడే పుటకు పైన ఒక పసుపు పట్టీ, దానిమీద పరాయి భాషలో ఏదో రాత ఉండేది. కంపెనీ వాళ్ల ప్రకటన కాబోలనుకున్నాడు.

ఆనాటి నుంచి వదిన టీకా వేసి వివరాలు చెప్పడం, బాబాయ్ టకటకా కొట్టేయడం. వదిన పక్కనే ఉంటుంది కాబట్టి ఇందులో కోతలకు చోటు లేదు. అన్నీ నిజమైన పిల్లలే. కంప్యూటర్ వచ్చిందిగదా అని పాత రిజిస్టర్లు రాయడం కూడా మానేశారు.

కొన్ని నెలలకు, కేంద్రంలో పాత నిల్వ మందు అయిపోయిన వేళకు, పక్క పేటలో తట్టు మొదలైంది. టీకా మందు తెచ్చే వ్యాన్ వస్తుందన్న రోజు కేంద్రం వరండా తల్లులతో నిండిపోయింది. బాబాయ్ కూతురు కూడా పాపను ఒళ్లో వేసుకుని బెంచీ చివర కూర్చుంది. పాపకు తొమ్మిది నెలలు నిండి, తట్టు టీకా వేయించే సమయం వచ్చింది. వదిన వ్యాన్‌లోంచి దించిన పెట్టె మూత తీసి చూసి, మళ్లీ వేసి, మళ్లీ తీసింది.

"ఇదేంటయ్యా? తట్టు టీకా ఒక్క సీసా కూడా లేదే!"

"మీ కేంద్రంలో పిల్లలే లేరని వచ్చింది నర్సమ్మా," అన్నాడు డ్రైవరు. "లేని పిల్లలకి మందెలా తెస్తాను?"

"మరి వరండాలో అరుస్తున్నవి ఏంటి, కాకులా?"

వదిన మరిది వైపు తిరిగింది. మరిది కంప్యూటర్ వైపు తిరిగాడు. పిల్లలందరూ అందులో బుద్ధిగా వరసలో ఉన్నారు. కోపంతో ఆ తెరను ఫోటో తీసి పంతులమ్మకు పంపించాడు. కాసేపటికి ఆవిడే ఫోన్ చేసింది.

"అయ్యా, పైనున్న పసుపు పట్టీని మీరు చూచితిరా?"

"చూశానండీ. ప్రకటన కదా? రంగు బాగుందని కూడా అనుకున్నా."

"అది ప్రకటన కాదు. 'ఇది సాధన పుట, ఇందలి వివరములు ఆరు మాసముల కొకసారి తుడిచివేయబడును' అని అందులో ఉన్నది. ఆ గడువు ఈ శనివారమే. ఆ వ్రాత బొమ్మగా ఉన్నది గనుక దానిని మీ భాషలోకి మార్చుట మేము మరచితిమి. పొరపాటు మాది."

బాబాయ్ కుర్చీలో కూలబడ్డాడు. మందు పంపే తరవాతి లెక్క కూడా ఆ శనివారమే కడతారు. తెర చూసి మళ్లీ మొదటినుంచి కొడదామంటే ఉన్న వ్యవధి రెండు రోజులే, సరిచూసుకోవడానికి టీకా కార్డులేమో తల్లుల ఇళ్లల్లో ఉన్నాయి. ఆయన నోట్లోంచి గొప్పగానీ, సాకుగానీ ఒక్కటి కూడా రాలేదు. "ఏదో ఒకటి చేయండి తల్లీ," అన్నాడు.

పంతులమ్మ చేసింది. ప్రోగ్రామ్ రాసినవాళ్ల దేశంలో ఇంకా తెల్లారలేదు, అయినా వాళ్లను లేపింది. ఇక్కడి పెద్దాఫీసు వాళ్ల చేత సరేననిపించింది. తుడవడం ఆగింది. పిల్లల్ని ఆ పుటలోంచి అసలు పుటలోకి మార్చడానికి వాళ్లు ఒప్పుకున్నారు, కానీ ఒక చిక్కుంది.

"శిక్షణ దినమున మీరు వ్రాసినవి కూడ ఇందులోనే కలసి ఉన్నవి. ఏది నిజమో ఏది కాదో మీరే చెప్పవలెను."

చూశారా దైవలీల! కోతలు కోయడమే పనిగా బతికిన మనిషికి తన కోతలన్నిటినీ తన నోటితోనే ఏరిపారేసే పని పడింది. పంతులమ్మ ఒక్కొక్కటే చదువుతోంది. వదిన పక్కన నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తొమ్మిది కిలోల ఆడశిశువు?"

"తీసేయండి."

"జన్మించిన దినముననే నడచి వచ్చిన బాలుడు?"

"వాడు..." బాబాయ్ నిట్టూర్చాడు. వాడంటే ఆయనకు ముద్దు. "వాణ్ణీ తీసేయండి."

"ఒకే తల్లికి ఒకే కాన్పులో ఏడుగురు?"

"తీసేయమను మరిదీ," అంది వదిన. "ఆ తల్లిని కాస్త నడుం వాల్చనీ."

"కవలలు, ఇద్దరును బాలికలే?"

"వాళ్లు నిజమండీ! దర్జీ కొట్టు వెనకింటి వాళ్లు. నేనెత్తుకుంటే నా చొక్కా తడిపేశారు. ఉంచండి, ఉంచండి!"

అలా సాగి సాగి చివరికొచ్చింది. "తొమ్మిది మాసములు నిండిన బాలిక. తట్టు టీకా వేయవలసి ఉన్నది."

"నిజం. అది నా మనవరాలు. నేనిప్పటిదాకా ఎన్ని కోసినా ఇది మాత్రం నిజం పంతులమ్మా. ఒట్టు."

"ఒట్టు పెట్టనక్కరలేదు. నేను మిమ్ములను నమ్ముచున్నాను."

ఇన్నేళ్ల జీవితంలో ఆ మాట ఆయనతో అన్నవాళ్లు లేరు. కూతురు కూడా నవ్వేసి ఊరుకునేది. అవతల ఆవిడ ఫోన్ పెట్టేశాక కూడా బాబాయ్ చాలాసేపు దాన్ని చెవి దగ్గరే పట్టుకుని కూర్చున్నాడు. వదిన అది చూసి, ఆ ఒక్కసారికి వేళాకోళం ఆడకుండా టీ తెచ్చి ముందు పెట్టింది.

లెక్క వేళకు అందింది. తట్టు ఈ పేట దాకా రాకముందే మందు సీసాలతో వ్యాన్ వచ్చింది. వదిన సూది గుచ్చగానే మనవరాలు కప్పు ఎగిరిపోయేలా అరిచింది. "అచ్చం మా గొంతే!" అని తాతగారు పొంగిపోయారు. అసలు పుట కూడా అప్పటికి ఇక్కడి భాషలో మాట్లాడటం నేర్చుకుంది. పాప బరువు కొంచెం ఎక్కువ చేసి కొట్టాడు, చేయి అలవాటు. 'ఒకసారి సరిచూడండి' అని ఎర్రగా వచ్చింది. కిక్కురుమనకుండా సరిచేశాడు.

ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర మాత్రం నోరు విప్పాడు.

"పంతులమ్మ అంటే ఏమనుకున్నారు? ఆవిడ ఒక్క కేకేస్తే సముద్రం అవతల కంప్యూటర్లన్నీ చేతులు కట్టుకుని నిలబడ్డాయి. మూడు దేశాల పెద్దాఫీసర్లు చెప్పులు కూడా తొడుక్కోకుండా పరిగెత్తుకొచ్చారు. ఇక చూడండి, మన పిల్లలందర్నీ ఒళ్లో వేసుకుని ఆ పుటలోంచి ఈ పుటలోకి ఒక్క దూకు దూకింది. ఒక్కడి పాలసీసా కూడా కిందపడలేదు!"

వినేవాళ్లు ఊపిరి బిగబట్టారు. టీ కొట్టాయన గ్లాసు కడగడం ఆపేశాడు.

"బాగుంది బాబాయ్. మరి ఇంత జరుగుతుంటే నువ్వేం చేశావు? సముద్రం తాగేసి దారిచ్చావా?"

"నేనా? నాదేముందిరా. ఆవిడ అడిగింది, నేను ఉన్నదున్నట్టు చెప్పాను. అంతే."

టీ కొట్టాయన గ్లాసు పక్కన పెట్టి ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఇప్పటిదాకా చెప్పినవన్నీ నమ్మానుగానీ, ఇదొక్కటి మాత్రం నమ్మను బాబాయ్!"