నేలను కొట్టిన చెయ్యి

రండి, ఆ గుమ్మంలోనే నిలబడిపోకండి. ఇటు చాప మీదికి జరిగి కూర్చోండి, ఏసీ గాలి ఇక్కడిదాకానే వస్తుంది. టీ పొయ్యి మీదుంది. అది మరిగేలోపు మీకు ఒక జపాను మనిషి సంగతి చెబుతాను.

కువైట్‌లో అర్దియా వైపు ఒక పెద్దింట్లో పనిచేస్తున్నాను. రాయచోటి దగ్గర మా పల్లె వదిలి నేను ఇక్కడికి వచ్చేసరికి ఆ ఇంటి చిన్నకొడుకు ఇంకా పాకుతున్నాడు. ఇంటామెను మేము మామా అంటాం, ఇంటాయనను బాబా అంటాం. వచ్చిన రోజే పిల్లవాణ్ణి నా చంకకు ఇచ్చారు. వాడు నడక నేర్చుకుంటూ పాలరాతి గచ్చు మీద పడితే, మన ఇళ్ళలో చేసేదే నేనూ చేశాను. నేలను అరచేత్తో ఫెడీమని కొట్టి, "మా బంగారాన్నే పడేస్తావా, ఉండు నీ పని చెప్తా" అన్నాను. వాడు ఏడుపు ఆపి కిలకిలా నవ్వాడు. మామాకు అది ఎంత నచ్చిందంటే, ఆ తర్వాత వాడు పడిన ప్రతిసారీ, నేను వంటింట్లో చేపలు తోముతున్నా సరే, కేకేసి పిలిచేది. "రా, నేలను కొట్టు!" వాడికి అరబ్బీ మాట పూర్తిగా రాకముందే తెలుగులో "కొట్టు" అనడం వచ్చింది.

మన పిల్లలకైతే ఒకసారో రెండుసార్లో కొడతాం. ఆ తర్వాత "లెయ్ రా, ఏం కాలేదులే" అంటాం. ఆ రెండో మాట అనే అధికారం నాకు ఆ ఇంట్లో లేదు.

ఆ పిల్లవాడు కాలేజీకి వచ్చాక వాడికి బాక్సింగు పిచ్చి పట్టింది. బాబా కువైట్ సిటీలో ఒక జిమ్ములో పనిచేస్తున్న జపాను బాక్సర్‌ను మాట్లాడి, అతను ఈ దేశంలో ఉండే కాగితం, అదే ఇఖామా, తన పేరు మీదికి మార్పించుకుని ఇంటికే తెచ్చాడు. డ్రైవరు గది పక్కన ఒక గది ఇచ్చారు. మనిషికి ముప్పై అయిదు దాటి ఉంటాయి. ముక్కు ఒక పక్కకు ఒరిగింది. కనుబొమల మీద కుట్ల గీతలు. చేతులకు చుట్టుకునే పొడుగాటి గుడ్డపట్టీలు ఉతికి ఆరేసే పని నాకు పడింది. అవి తీసుకోవడానికి వచ్చి వంటింటి మెట్టు మీద కూర్చునేవాడు. ఒకరోజు గంజిలో ఉప్పు వేసి ఇస్తే గిన్నెను రెండు చేతులా పట్టుకుని వాసన చూశాడు. జ్వరం వస్తే వాళ్ళమ్మ కూడా అన్నాన్ని ఇలాగే జావగా చేసి ఇచ్చేదట. అప్పటినుంచి నన్ను అక్కా అన్నాడు. మా మధ్య నడిచింది అరబ్బీ ముక్కలు, హిందీ ముక్కలు, చేతి సైగలు. అతను చెప్పినదాన్ని మన మాటల్లో పెట్టి చెబుతున్నాను.

వాళ్ళది సముద్రం ఒడ్డున చిన్న ఊరు. తండ్రికి చేపల అంగడి. ఇతను బడిలోనే బాక్సింగు నేర్చుకున్నాడు. అప్పట్లో తలకు మెత్తటి టోపీ, ఒంటికి బనీను, మూడే రౌండ్లు. దెబ్బ ఎంత గట్టిగా తగిలిందని కాదు, ఎంత శుభ్రంగా తాకిందని చూసేవారట. గెలిచి వస్తే బడి గోడకు అతని పేరు రాసిన గుడ్డ కట్టారట. కాలేజీలోనూ పతకాలు తెచ్చాడు. ఎక్కడ ఆడినా తండ్రి అంగడి మూసి రైలెక్కి వచ్చేవాడు.

"ఆ దినాల్లో ఎవురూ ఒక్క పైసా ఇయ్యలేదా?" అని అడిగాను.

"పైసా లేదు అక్కా. అందుకే బాగుంది" అన్నాడు.

తర్వాత పరీక్షకు పోయి, రింగులో ఆడి చూపించి, ప్రొఫెషనల్ అయ్యాడు. తలటోపీ పోయింది, బనీను పోయింది, రౌండ్లు పెరిగాయి. పగలు ఇళ్ళ సామాను మోసే పని, సాయంత్రం సాధన. పోటీ ముందు బరువు దిగాలని నీళ్ళు పుక్కిలించి ఉమ్మేసేవాడు గానీ మింగేవాడు కాదు. అంతా అయ్యాక చేతిలో పెట్టేది చాలావరకు టికెట్లేనట. అవి తనే అమ్ముకుంటే డబ్బు, లేకుంటే కాగితం.

"అంటే నీ దెబ్బలు చూడండి సామీ అని నువ్వే ఇల్లిల్లూ తిరగాల్నా?" అన్నాను.

నవ్వాడు. మొదటిసారి తండ్రి రెండు టికెట్లు కొన్నాడట. వచ్చింది ఒక్కడే. రెండో కుర్చీలో కోటు పెట్టుకుని కూర్చున్నాడట.

కొన్ని గెలిచాడు. తర్వాత వరుసగా ఓడాడు. అప్పుడు పరాయి దేశాల నుంచి పిలుపులు మొదలయ్యాయి. పిలిచింది గెలవడానికి కాదు. అక్కడి ఊరి వీరుడికి ఒక గెలుపు కావాలి, దానికి చూడ్డానికి గట్టిగా కనబడే మనిషి ఓడాలి. ఒకచోట ఆ సంగతి మరిచిపోయి వీరుణ్ణి రెండుసార్లు పడగొట్టాడు. చివరికి చేయి పైకెత్తింది పడినవాడిదే. ఆ తర్వాత ఇంకెప్పుడూ మరిచిపోలేదు.

అలాంటివాడికి బాబా ఒక మాట ఇచ్చాడు. "మావాడు మొదటి పోటీ గెలవనీ. ఫింటాస్‌లో నా ఖాళీ షాపుంది. అందులో నువ్వు పిల్లలకు నేర్పుకో." ఇక ఆ మనిషికి వేరే ఆలోచన లేదు. ఒక శుక్రవారం డ్రైవరును బతిమాలి ఫింటాస్ పోయి, మూసిన షాపును అద్దంలోంచి చూసి వచ్చాడు. నేను రొట్టెలు చేస్తుంటే, బండ మీద చల్లిన పిండిలో వేలితో గీసి చూపించాడు. ఇక్కడ రింగు, ఇక్కడ సంచులు, ఇక్కడ తల్లిదండ్రులు కూర్చోవడానికి బెంచీ.

"బెంచీ ఇంగా పెద్దది గియ్యి. మీ నాయన కోటు గూడా కుచ్చోవాల గదా" అన్నాను. గీత పొడిగించాడు.

అయితే మామా ఒక కట్టడి పెట్టింది. కొడుక్కి సంబంధం కుదిరింది, నిశ్చితార్థం దగ్గరపడుతోంది. నేను కాఫీ పోస్తుండగానే అంది. "ముఖం మీద ఒక్క దెబ్బ కూడా పడకూడదు. ఫొటోలున్నాయి."

"ముఖానికి తగలకపోతే ముఖం కాచుకోవడం రాదు మామా" అన్నాడతను.

"ఖలాస్. చెప్పాను."

ప్రతి గురువారం కొడుకు స్నేహితులు వచ్చేవారు. మగవాళ్ళు కూర్చునే దివానియా ముందు, వరండాలో పరుపులు పరిచి కొడుకూ జపాను మనిషీ ఆడేవారు. మొదటిసారి అతను వెల్లకిలా పడటం కిటికీలోంచి చూసి, చెంబుతో నీళ్ళు పట్టుకుని పరుగెత్తాను. మా కడప డ్రైవరు దారిలో అడ్డం నిలబడ్డాడు.

"ఏమక్కా, మీ జపాను తమ్ముడు పండుకున్యాడే! నిద్ర సాల్లేదేమో."

"నీ నోట్లో మన్ను బడ! దెబ్బ తగిల్నాది గదప్పా!"

"యాడ తగిల్నాది? గాలికి పడినాడు. సూస్తాండు, ఆ పిల్లోళ్ళు సప్పట్లు కొట్నంక ఎట్ల లేస్తాడో."

అలాగే లేచాడు. ఆ తర్వాతి గురువారాలన్నీ పడుతూనే ఉన్నాడు. ఇదేం పని నాయనా అని నేను అడగలేదు. పిల్లవాణ్ణి నేనెలా పెంచానో మాత్రం చెప్పాను. వంటింటి గచ్చును చేత్తో కొట్టి చూపించాను. అతను ఆ గచ్చును చూసి, తన రొమ్ము మీద వేలు పెట్టుకుని, "నేను నేల" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఒక్కసారి మాత్రం ప్రయత్నం చేశాడు. మామా ఇంట్లో లేని మధ్యాహ్నం పిల్లవాణ్ణి అడిగాడు. "ఒక్క దెబ్బ. మెత్తగా. నీకు తెలియాలి." వాడు సరే అన్నాడు. అతను ముక్కు మీద ఊరికే తాకించాడు. అంతే. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, గ్లవుజులు విసిరేసి లోపలికి పోయాడు. అమ్మకు చెప్పలేదు. మళ్ళీ ఒప్పుకోనూ లేదు.

పోటీ రోజు మామా హాలుకు పోనంది. డ్రైవరు అక్కడినుంచి ఫోనులో చూపిస్తుంటే, వంటింట్లో నేనూ ఆమే చూశాం. చూశామంటే, చూసింది నేనే. ఆమె నా మణికట్టు పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"చెప్పు, ఏమవుతోంది?"

"కొడుతున్నాడు మామా. బాగా కొడుతున్నాడు."

అబద్ధం కాదు. మొదట బాగానే కొట్టాడు. అవతలి కుర్రవాడు పడలేదు. ఎందుకు పడతాడు, వాడికి ఎవరూ జీతం ఇవ్వలేదు కదా! మనవాడు ఆగి చూశాడు, వీడింకా పడలేదేమని. ఆ ఆగడంలో ముక్కు మీద ఒకటి తగిలింది. పెద్ద దెబ్బేమీ కాదు. కానీ చిన్నపిల్లలు పడ్డాక ఏడ్చే ముందు ఎవరైనా చూశారా అని చుట్టూ చూస్తారే, అలా చూశాడు. చేతులు కిందికి జారాయి. మూల నుంచి జపాను మనిషి "చేతులు! చేతులు!" అని గొంతు చించుకుంటున్నాడు. రిఫరీ లెక్కపెట్టి, చేతులెత్తమన్నాడు. వాడు ఎత్తలేదు. మొదటి రౌండు గంట కొట్టకముందే ఆపేశారు.

"చెప్పవేం?" అంది మామా.

"అయిపోయింది మామా" అన్నాను.

ఇంటికొచ్చాక హాల్లో బాబా ఒకటే మాట అడిగాడు. "ఇన్నాళ్ళూ నువ్వేం నేర్పించావు?"

"మామా ముఖం వద్దన్నారు" అన్నాడతను. తల వంచే అన్నాడు గానీ, అన్నాడు.

"నేనా? నేనెప్పుడన్నాను?" అంది మామా.

ఆమె అన్నప్పుడు కాఫీ పోసింది నేను. పక్కన కూర్చుని తాగింది బాబా. ముక్కు మీద మెత్తటి దెబ్బకు ఏడ్చింది ఆ కొడుకు. నలుగురికీ తెలుసు. కొడుకు ముక్కు మీద ఐసు పెట్టుకుని గోడ వైపు చూశాడు. బాబా కాఫీ కప్పు వైపు చూశాడు. నా నోరు తెరుచుకోబోతే మామా నా వైపు ఒక చూపు చూసింది. అప్పుడామె పిలుపు నాకు మళ్ళీ వినబడినట్టయింది. రా, నేలను కొట్టు.

వారంలో పంపించేశారు. కారెక్కే పొద్దున అతని పట్టీలు ఇంకా తీగ మీద తడిగానే ఉన్నాయి. అలాగే కవరులో చుట్టి ఇచ్చాను. మళ్ళీ ఎక్కడైనా ఆడతావా అని అడిగితే, ఒక దేశం పేరు చెప్పాడు. అక్కడి వీరుడికి ఒక గెలుపు కావాలట.

ఫింటాస్ షాపులో ఇప్పుడు ఫోను కవర్లు అమ్ముతున్నారు. ఫొటోలు బాగా వచ్చాయి. నిశ్చితార్థం అయింది, పెళ్ళయింది, ఆ కొడుక్కే ఇప్పుడు నడక నేర్చుకునే కొడుకున్నాడు. మొన్న ఆ బుడ్డోడు అదే గచ్చు మీద పడ్డాడు. ఏడవలేదు, ఊరికే చుట్టూ చూస్తున్నాడు. వదిలేస్తే వాడే లేచేవాడు. తండ్రి సోఫాలోంచి నన్ను కేకేశాడు. చిన్నప్పటి తెలుగులోనే, "కొట్టు!" అని.

మా ఊళ్ళో నా బిడ్డలకు నేలను కొట్టినప్పుడు నా చెయ్యి నాది. ఇక్కడి చెయ్యికి నెలనెలా జీతం వస్తుంది. వంగి కొట్టాను. ఫెడీమని చప్పుడైంది. బుడ్డోడు నవ్వాడు.

టీ పొంగుతోంది, తాగి పోండి. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పిల్లలు పడాలి, లేవాలి, మోకాళ్ళు వాళ్ళే దులుపుకోవాలి. మీ గడపలో అన్నం తిన్న ఏ మనిషీ మీ బిడ్డల కోసం కింద పడి చూపించాల్సిన పని రాకూడదు.