తల తిప్పిన దుకాణదారు

నా భార్యకు పక్షవాతం వచ్చేనాటికి మేము రాయగడలో చింతపండు, వలిసె నూనెగింజల టోకు వ్యాపారం చేసేవాళ్లం. అప్పటికి రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. ఆమెకు కుడి పక్క పడిపోయింది. మాట పూర్తిగా పోలేదు, ముద్దగా వచ్చేది. మాట్లాడిస్తూ ఉంటే తేరుకుంటుందనీ, వదిలేస్తే ఉన్నది కూడా పోతుందనీ డాక్టరు చెప్పాడు. ఆమె మాట్లాడటమే మానేసింది.

చూడడానికి వచ్చినవాళ్లు ఆమె మంచం పక్కన కూర్చుని నన్ను అడిగేవారు.

"అన్నం తింటన్నాదా?"

"రాత్రి నిద్ర పడతన్నాదా?"

తింటున్నదనీ, పడుతున్నదనీ నేను చెప్పేవాణ్ని. రాత్రి డైరీలోనూ అవే ముక్కలు రాసేవాణ్ని. అప్పుడు నాకు దిగులుగా ఉండేదని ఇప్పుడు రాస్తే అబద్ధమవుతుంది. ఏమీ ఉండేది కాదు.

కొట్టు పద్దుల కోసం కొన్న కంప్యూటరు ఆమె గదిలోనే ఉండేది. మధ్యాహ్నం కొట్టు మూసిన వేళ మా కోడలు దానిలో ఒక ఆట ఆడేది. ఇట్టే అయిపోయే ఆట కాదు. ఒక దేశమంతా ఉంది అందులో: కొండలు, ఏరు, కోట, బజారు. ఒక మనిషిని ఇచ్చి వదిలేస్తారు. ఎటు నడిపించుకుంటే అటు పోతాడు.

ఒకనాడు ఆ మనిషి ఒక దుకాణంలోకి వెళ్లాడు. బల్ల వెనక ఉన్న దుకాణదారు మెడ తిప్పి చూశాడు. మనిషి పక్కకు జరిగితే అతని చూపూ జరిగింది.

"ఇటు సూసేడు," అంది నా భార్య.

కోడలి చేతులు ఆగిపోయాయి. ఒక్క క్షణం నా వైపు చూసి, మళ్లీ తెర వైపు తిరిగింది.

"అవునత్తా, నీకేసే సూసేడు. దొంగసచ్చినోడు, మంచి బేరం వచ్చిందనుకున్నాడు!"

మర్నాటి నుంచి కీబోర్డు నా భార్య ఎడమ చేతి కిందికి, దిండు మీదికి వచ్చింది. గుర్రం ఎక్కించమని కోడలు ఎంత చెప్పినా వినలేదు. కొండల వైపు పోలేదు. గాలికి గడ్డి ఊగుతుంటే నాకు బాగుండేది, ఆమెకు అది పట్టలేదు. ఒక కొట్టులోంచి ఇంకో కొట్టులోకి తిరిగేది. ఎక్కడికి వెళ్లినా ఏదో ఒకటి కొనకుండా బయటికి రాదు.

"అత్తా, కత్తి కొందామని దాసినదంతా ఉల్లిపాయల పాలయిపోతన్నాది!"

"బోణీ," అనేది ఆమె. పొద్దున్నే కొట్టు మెట్టెక్కి వట్టి చేతులతో దిగకూడదని మా ఇళ్లలో పట్టింపు. ఆ దేశంలో తెల్లవారినప్పుడల్లా ఆమెకు అది వర్తించింది.

అలా నడుస్తుండగా ఒకనాడు ఆమె మనిషి ఏట్లో దిగి, అవతల గట్టు ఎక్కాడు. బట్టలు తడవలేదు. నీటి చుక్క కారలేదు. మా ఊళ్లో వాన వస్తే గుమ్మంలోకి వచ్చేసరికే చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. ఆమె తెర వంక కాసేపు చూసింది.

"అబద్దం," అంది. కీబోర్డును ఎడమ చేత్తో తోసేసింది.

తరువాత దాన్ని ముట్టలేదు. మాటా ఆగిపోయింది. నేను గమనించినంతవరకు, ఆమెను పట్టి ఉంచింది బొమ్మల అందం కాదు. తను మీట నొక్కితే అక్కడ ఒకటి జరగాలి. జరిగినది మనుషుల ఒంటి మీద కనబడాలి. ఆ రెండూ ఉన్నంతసేపు ఆమె ఆ దేశంలో ఉండేది. తప్పిన క్షణం మళ్లీ ఈ మంచం మీదే.

ఆ రోజుల్లోనే పక్క కొట్టావిడ చూడడానికి వచ్చింది. వేసవి. కోడలు మజ్జిగ చేస్తోంది.

"అన్నియ్యా, వదిన మజ్జిగ తాగుతాదేటి?"

నేను నోరు తెరిచాను.

"ఆవిడ్నే అడుగు పిన్నీ," అని వంటింట్లోంచి కోడలు అరిచింది. "మావయ్యేటి, ఆవిడకి గుమస్తానా?"

పక్క కొట్టావిడ నవ్వి, మెడ తిప్పి నా భార్య ముఖంలోకి చూసింది. చూస్తూ ఉండిపోయింది. నా భార్యకు మాట కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో నేను చెప్పేయబోతే కోడలు గుమ్మంలోంచి కళ్లెర్రజేసింది.

"ఉప్పెయ్యి," అంది నా భార్య.

మర్నాడు పొద్దున్న కోడలూ నేనూ కలిసి ఆమెను కుర్చీలో కొట్టులోకి మోసుకొచ్చాం. చింతపండు కుప్ప పక్కన కూర్చోబెట్టాం. కొండ మీది నుంచి వచ్చిన ఒకామె చింతపండు గంప దింపి, ఎంతకు కొంటావని నన్ను అడిగింది. నేను బస్తాలు సర్దుతున్నట్టు అటు తిరిగాను. ఆమె రెండోసారి అడిగి, కుర్చీ వైపు తల తిప్పింది.

నా భార్య ఎడమ బొటనవేలు గంపలోని చింతపండులోకి దించింది.

"గింజుంది."

"లేదు మా! మంచిగ సూడు!"

"ఉంది."

వచ్చినామె గంపను ముందుకు జరిపి, చతికిలబడి, గట్టిగా వాదన మొదలెట్టింది. నేను కల్పించుకోలేదు. సంతోషం వేసిందా అంటే చెప్పలేను. ఆ బోణీ బేరం తెగేదాకా బస్తాల దగ్గరే నిలబడ్డాను.