ఎమిల్ గారి పోస్టాఫీసు

లుడ్మిలా ప్రోకాప్ యాభై ఒక్క ఏళ్లలో ఒక్కసారీ ఇల్లు మారలేదు. ఆమె ఇల్లు మాత్రం నాలుగు నియోజకవర్గాలు మారింది. బాల్టిమోర్‌లో మా తూర్పు వీధుల సంగతే అంత. పదేళ్లకోసారి జనాభా లెక్కలు కాగానే, పెద్దమనుషులు కొందరు పటం ముందేసుకుని కొత్త గీతలు గీస్తారు. మా తరఫున వాషింగ్టన్‌కి ఎవరు వెళ్లాలో ఆ గీతలే తేలుస్తాయి. కిందటిసారి మా నియోజకవర్గం లారీ కింద పడ్డ పీతలా తయారైంది. అది గీసినవాణ్ణి ఒక్కసారి నా సెలూన్ కుర్చీలో కూర్చోబెడితే గుండు గీసి పంపేవాణ్ణి.

మెంబర్లు వచ్చారు, పోయారు. మొదటాయన చుట్ట కాలుస్తూ, రేవులో ఉద్యోగాలిప్పిస్తూ పదహారేళ్లు ఏలాడు. తర్వాత ఆయన అల్లుడు మామగారి ఫొటో పట్టుకుని గెలిచాడు. ఫొటో ఇంట్లో మర్చిపోయి వచ్చిన ఏడు ఓడాడు. ఆ తర్వాత ఒక టీచరమ్మ. ఆవిడ షేక్‌హ్యాండ్ ఇస్తే రెండు రోజులు నాకు కత్తెర ఆడేది కాదు. అందరూ లుడ్మిలా వంటింట్లో గసగసాల రొట్టె తిన్నవాళ్లే, అందరూ ఒకే మాట ఇచ్చినవాళ్లే: వీధిలోని పోస్టాఫీసుకి ఆమె భర్త ఎమిల్ పేరు పెట్టిస్తామని.

ఎమిల్ మా వీధుల్లో ముప్ఫై నాలుగేళ్లు ఉత్తరాలు పంచాడు. రిటైరైన ఏడాదికే పోయాడు. పోస్టాఫీసుకి పేరు పెట్టాలంటే వాషింగ్టన్‌లో చట్టం చెయ్యాలి. ఆ ప్రాంతం మెంబరు అడిగితే కాదనేవాళ్లుండరు. అంత తేలిక పనీ ముప్ఫై ఏళ్లు సాగింది. బిల్లు సగంలో ఉండగా గీత జరిగేది, మెంబరు మారిపోయేవాడు, మళ్లీ మొదటి రొట్టె నుంచి మొదలు.

కిందటిసారి గీత సరిగ్గా మా వీధి నడిమధ్య పడింది. లుడ్మిలా ఇల్లు ఇటు, పోస్టాఫీసు అటు.

ఇటు మెంబరు రొట్టె తిని చేతులు దులుపుకున్నాడు. "పోస్టాఫీసు నా పరిధిలో లేదు కదండీ, అమ్మగారూ."

అటు మెంబరు రొట్టె తినకుండానే తేల్చేశాడు. "మీ ఓటు నాది కాదు కదండీ, అమ్మగారూ."

ఆ సాయంత్రం ఆమె నా షాపుకొచ్చింది. "ఒరే విన్నీ, నాకు డెబ్భై తొమ్మిది. ఇంకో జనాభా లెక్కల దాకా నేనే లెక్కలో ఉండను. ఆ ట్రంకుపెట్టె పట్టు, అటు పోదాం."

"అటంటే ఎక్కడికి పిన్నీ?"

"హెడ్విగ్ ఇంటికి."

నా చేతిలో దువ్వెన జారిపోయింది. పోస్టాఫీసు పక్కింటి హెడ్విగ్ కాజ్మారెక్‌తో ఆమెకి ముప్ఫై ఐదేళ్లుగా మాటల్లేవు. హెడ్విగ్ కుక్క ఎమిల్ పిక్క పట్టుకుంటే, తప్పంతా అతని ప్యాంటుదేనని వాదించిన మనిషి హెడ్విగ్.

తలుపు తీసి, ట్రంకు చూసి, ఆవిడ అంది: "ఏమే, ఇప్పటికి తెలిసిందా దారి?"

"ఓటు కోసం వచ్చా. నీకోసం కాదు."

"గుమ్మం ముందు పాలరాతి మెట్లు రోజూ కడగాలి."

"నీకంటే తెల్లగా కడుగుతా, చూస్తూ ఉండు."

అలా కాపురం పెట్టారు. లుడ్మిలా ఓటు అటు మార్పించుకుంది. అటు మెంబరు వచ్చి, ఈసారి రెండు ముక్కలు తిని, నిజంగానే బిల్లు పెట్టాడు. ఎనిమిది నెలలకి కోర్టు ఆ పీత బొమ్మని కొట్టేసింది. కొత్త గీత నాలుగు వీధుల అవతలికి పోయింది. వీధికి రెండు పక్కలా ఇప్పుడు ఆ ఒక్క మెంబరే! ట్రంకు మోసిన నా నడుము ఇంకా నొప్పిగానే ఉంది.

అయితే బిల్లు గట్టెక్కింది. పోస్టాఫీసు గుమ్మం పక్కన ఎమిల్ పేరుతో ఇత్తడి పలక పెట్టారు. మెంబరు ఇరవై నిమిషాలు తన గురించే మాట్లాడాక లుడ్మిలా మైకు లాక్కుంది.

"మా ఆయన ఈ వీధిని రోజుకి ఆరుసార్లు దాటేవాడు. పదకొండు కుక్కలు కరిచాయి. ఐదు ఇటువి, ఆరు అటువి. గీత ఎక్కడుందని వాటిలో ఒక్కటీ అడగలేదు."

జనం పడీపడీ నవ్వారు. హెడ్విగ్ మాత్రం రుమాలుతో ముక్కు తుడుచుకుంది. "ఆరోది నాదే. ప్యాంటుది తప్పు కాదే, లుడ్మిలా," అంది.

మర్నాడు ట్రంకు వెనక్కి మొయ్యడానికి వెళ్లాను. హెడ్విగ్ ట్రంకు మీద కూర్చుని ఉంది.

"పోనివ్వను. గీత మళ్లీ జరిగితే?"

"ఇక్కణ్ణుంచి ఆ పలక కనబడదే. నా కిటికీలోంచైతే ఎదురుగా ఉంటుంది," అంది లుడ్మిలా. "లే."

"లేవను. మళ్లీ ఒక్కదాన్నే ఉండలేను."

"నిన్ను ఉండమన్నదెవరు? నీ ట్రంకు కూడా సర్దు."

రెండు ట్రంకులు మోశాను. ఇప్పుడు ఉదయం పూట ఇద్దరూ ఆ కిటికీ దగ్గర కాఫీ తాగుతూ ఎమిల్ పేరు చూస్తుంటారు. హెడ్విగ్ ఉత్తరాలు మాత్రం ఇంకా పాతింటికే పోతున్నాయి. కొత్త పోస్ట్‌మన్ రోజూ వీధి దాటి తెచ్చిస్తూ, అడ్రసు మార్పు ఫారం నింపమని బతిమాలుతున్నాడు.

"ఫారమా?" అంటుంది లుడ్మిలా. "పోస్టాఫీసు మా ఆయనదే కదా, నాయనా!"