చీకటిగా ఉంచమన్న మూల

కోరుట్లలో కరెంటు పని తెలిసినవాళ్ళకు కొదవ లేదు. ఆగిన ఫ్యాను తిప్పేవాళ్ళు, కాలిన మోటారు చుట్టేవాళ్ళు, మీటరు పక్కనుంచి గుట్టుగా తీగ లాగేవాళ్ళు వీధికి ఇద్దరు దొరుకుతారు. గులాం మొహియుద్దీన్ తనను వాళ్ళతో కలిపి లెక్కేస్తే ఒప్పుకునేవాడు కాదు. లైటు ఎవడైనా వెలిగిస్తాడు, అది ఎక్కడ పడాలో, ఎక్కడ పడకూడదో తెలిసినవాడే పనివాడు అనేవాడు. పదకొండేళ్ళు దుబాయిలో ఆ పనే చేశాడు. బంగారం దుకాణాల్లో, చీరల దుకాణాల్లో కప్పుకు సన్నటి అల్యూమినియం పట్టా బిగించి, దానికి చిన్న చిన్న లైట్లు తగిలించి, ఒక్కోదాన్ని ముందుకూ వెనక్కూ జరిపి, మెడ తిప్పి, వెలుగు తిన్నగా నెక్లెసు మీద పడేట్టు నిలబెట్టేవాడు. వేలెడు తేడా వస్తే లక్షల నగ కూడా గాజుముక్కలా కనిపిస్తుంది.

నడుము పట్టేసి తిరిగొచ్చాక తెలిసింది, తన విద్యకు ఊళ్ళో చిల్లిగవ్వ విలువ లేదని. నడిమింట్లో ఒక ట్యూబులైటు, దేవుడి దగ్గర ఒక జీరో బల్బు ఉంటే చాలనుకునే జనం. పట్టాకు తగిలించే ఆ ట్రాక్ లైట్ల సంగతి చెబితే, "గోడకెందుకు లైటు? గోడేమన్న పరీక్షలకు చదువుతదా?" అని నవ్వారు. మొహియుద్దీన్ మొహం మాడ్చుకొని మోటార్లు చుట్టాడు. మూడేళ్ళు అట్లాగే గడిచాయి.

అందుకే జగిత్యాల నుంచి బాపు రావు దొర కబురు పంపినప్పుడు అతని కాలు నేల మీద నిలవలేదు.

బాపు రావుది గొల్లపల్లి వైపు ఊరి దొరల వంశం. ఒకప్పుడు జనం గడీల మీద తిరగబడితే రాత్రికి రాత్రి పట్నం పారిపోయిన కుటుంబం. ఇప్పుడు అదే జనం తెలంగాణ కావాలని రోడ్డెక్కితే, ఆయన అందరికంటే ముందు నిలబడి జెండా పట్టుకున్నాడు. సిగ్గు కొందరికి పుట్టుకతోనే రాదు. జగిత్యాలలో కొత్త ఇల్లు కట్టాడు. హాలు సినిమాల్లో చూపించినట్టు ఉండాలన్నాడు. మొహియుద్దీన్ తండ్రి ఆ వంశంలో పెళ్ళిళ్ళకు గ్యాసుబత్తీ నెత్తిన మోసినవాడు. ఎన్ని పెళ్ళిళ్ళు మోసినా గడి గడప దాటి లోపలికి పోయింది లేదు. కొడుకు ఇప్పుడు దొర హాలు నడిమధ్యలో నిచ్చెన వేసుకొని, "దొరా, గా సోఫా జర ఇటు జరపాలె" అని చెప్పే స్థితికి వచ్చాడు. ఆ ఒక్క మాటకే అతని కడుపు నిండింది. పిచ్చి మొహియుద్దీన్.

ఇంట్లో మాత్రం అతనూ, భార్య మహమూదా బేగం ఒక్కదాని కోసమే రోజులు లెక్కపెడుతున్నారు. కొడుకు అస్లంకు ఇరవై మూడేళ్ళు. దుబాయిలో మొహియుద్దీన్ పని చూసిన మేస్త్రీ, "పాస్‌పోర్టు రాంగనే పంపు, నీ జాగల నిలబెడత" అని మాటిచ్చాడు. పాస్‌పోర్టుకు పెట్టారు. పోలీసు ఎంక్వయిరీ ఒక్కటే మిగిలింది. ఎంక్వయిరీకి వచ్చినవాడు పేరు మీద కేసు లేదని రాస్తే పిల్లవాడి బతుకు గట్టున పడుతుంది, ఉందని రాస్తే అక్కడితో సరి. ఉద్యమంలో కేసులు పడి పాస్‌పోర్టులు ఆగిపోయిన పిల్లలు కోరుట్లలోనే డజను మంది ఉన్నారు. అందుకే సకల జనుల సమ్మె మొదలుకాగానే మొహియుద్దీన్ కొడుకును సిరిసిల్లలో తన చెల్లెలు ఫిర్దోస్ ఇంటికి తోలేశాడు. "జై కొట్టాలనిపిస్తే మరమగ్గాల షెడ్డుల గొట్టు, గా చప్పుడుకు ఎవ్వనికి వినవడది" అన్నాడు. ఈ సంగతులన్నీ పని చేస్తూ చేస్తూ దొరకు కూడా చెప్పుకున్నాడు. మంచిగా మాట్లాడే పెద్దమనిషి ఎదురుగా కూర్చుంటే మనవాళ్ళకు కడుపులో మాట దాగదు.

వారం రోజులు పట్టింది పని. సోఫాలో కూర్చున్నవాళ్ళ కళ్ళలో వెలుగు కొట్టకుండా, దొరసాని సుమతమ్మ పింగాణీ బొమ్మలు మెరిసేట్టు, దొర తాత పటంలో తలపాగా ముడతలు కూడా తెలిసేట్టు ఒక్కో లైటు నిలబెట్టాడు. ఆఖరుకు పెద్ద గోడ మిగిలింది. దాని మీద నిలువెత్తు ఫొటో. వేసవిలో జగిత్యాల టవర్ దగ్గర జరిగిన ఊరేగింపు. జెండా పట్టుకొని ముందు దొర, వెనక జనం, కుడి మూలలో ఆగిపోయిన ఒక ప్రభుత్వ బస్సు.

"నా మొకం మీద మంచిగ పడాలె. గా కుడి మూల మాత్రం చీకటిగనే ఉంచు" అన్నాడు దొర.

దొరకు దొర మొహం కనిపిస్తే చాలు కదా అనుకున్నాడు మొహియుద్దీన్. ఆయన బయటికి వెళ్ళాక, ఫొటో అద్దం తుడుస్తూ కుడి మూల దాకా వచ్చి ఆగిపోయాడు. బస్సు మీద నిలబడి ఇద్దరు పోరగాళ్ళు అరుస్తున్నారు. ఒకడు అస్లం.

ఆ రోజు మెట్‌పల్లిలో దోస్తు ఇంటికి పోయానన్నాడు వెధవ. ఆ బస్సు అద్దాలే సాయంత్రానికి పగిలాయి. ఎవరు పగలగొట్టారో తెలియక పోలీసులు గుర్తు తెలియని వ్యక్తుల మీద కేసు రాసుకున్నారు. అది కూడా అతనికి తెలుసు. మనిషికి ఒళ్ళు మండిపోయింది. పిల్లవాడు ఎదురుగా ఉంటే చెంప పగిలేది.

కానీ కాసేపటికి మళ్ళీ చూశాడు. అస్లం దొర కంటే ఎత్తులో నిలబడి ఉన్నాడు. చెయ్యి పైకెత్తి, నోరు నిండా తెరిచి, ఎవరికీ భయపడకుండా. తమ వంశంలో ఎవరూ దొర ఇంటి గోడ మీదికి ఎక్కలేదు. కొడుకు ఎక్కాడు. ఎక్కినవాడిని చీకట్లో వదిలేయడానికి చెయ్యి రాలేదు మొహియుద్దీన్‌కు. పట్టా చివర మిగిలిన లైటును జరిపి, మెడ వేలెడంత తిప్పాడు. సన్నటి వెలుగు వెళ్ళి తిన్నగా అస్లం ముఖం మీద ఆగింది. పక్కవాడి మీద పిసరంత పడలేదు. అంత చక్కటి పని దుబాయిలో కూడా చేయలేదు. ఆ పక్కవాడెవడో అతను చూడనైనా లేదు.

ఇంటికి వచ్చి ఆ ముచ్చట మురిసిపోతూ చెప్పాడు. మహమూదా బేగం చేతిలో రొట్టె అట్లాగే ఆగింది.

"నీకు దిమాక్ ఉన్నదా? గా ఇంటికి పోలీసోళ్ళు చాయ్ తాగ వస్తరని నువ్వే చెప్పినవ్. పోరని మొకం మీద లైటేసి వచ్చినవా?"

తెల్లవారగానే ఆ లైటు తిప్పేయడానికి జగిత్యాల పరుగెత్తాడు. గేటు దగ్గర పనిమనిషి శంకరవ్వ అడ్డుపడింది. "కొత్తింటి దావత్ దాక ఎవ్వలను లోపటికి రానియ్యద్దన్నడు దొర. నువ్వు గూడ దావత్ నాడే రావాలె, జనరేటర్ కాడ ఉండాలె" అంది. అతను బతిమాలాడు. ఆమె దొర మాట దాటితే అన్నం ఎవరు పెడతారు? దాటలేదు.

దావత్ రోజు పెందలాడే బయలుదేరినా, సమ్మెకు బస్సుల్లేవు. ఆటో ఒకటి దొరికి జగిత్యాల చేరేసరికి హాలు నిండా జనం. బొగ్గు రాక కరెంటు గంటలకొద్దీ పోయే రోజులు. జనరేటర్ వేశారు. పట్టపగలే కిటికీలకు తెరలు దించారు.

"మొహియుద్దీన్, ఎయ్యి" అన్నాడు దొర, పెళ్ళిలో బాజాకు సైగ చేసినట్టు.

స్విచ్చి నొక్కాడు. హాలంతా "అబ్బా" అంది. ఆ అబ్బా కోసమే అతను మూడేళ్ళు ఎదురుచూశాడు. ఇప్పుడు అది వినిపించలేదు. అందరిలోంచి ఒక మనిషి మజ్జిగ గ్లాసు పట్టుకొని పెద్ద ఫొటో వైపు నడుస్తున్నాడు. బట్టలు మామూలువే, నడకను బట్టి సీఐ అని తెలుస్తోంది.

"రావు సాబ్, ఆనాడు అద్దాలు వలిగిన బస్సు ఇదేనా?" అన్నాడు సీఐ. "పేర్లు రాయుమని పైనుంచి పాణం తీస్తున్నరు."

"ఏమో సీఐ సాబ్. మస్తు బస్సులుండె ఆనాడు."

"గీ లైటు కిందున్న పోరడు సాఫ్ కనవడుతుండు. చేతిల ఏం లేదు. పక్కోని చేతిల మాత్రం రాడ్డు ఉన్నట్టున్నది, మొకమే కనవడ్తలేదు." సీఐ వెనక్కి తిరిగాడు. "ఏయ్, లైట్లాయన. గా పక్క లైటు జర ఇటు తిప్పు."

మొహియుద్దీన్ నిచ్చెన ఎక్కాడు. పైనుంచి వంగి చూస్తే అప్పుడు కనిపించింది రెండో ముఖం. దినేశ్. దొర కొడుకు. అస్లంతో కాలేజీలో చదివినవాడు. అదే దినేశ్ ఇప్పుడు తలుపు దగ్గర గ్లాసుల పళ్ళెం పట్టుకొని పాలిపోయి నిలబడ్డాడు. మూల చీకటిగా ఎందుకు ఉంచమన్నాడో అర్థమైంది. పక్క లైటు మెడ అతని వేళ్ళ మధ్య ఉంది. రెండు వేళ్ళ మేర తిప్పితే చాలు.

"గా లైటు కదిలిస్తె కాలిపోతదని పొద్దుగాలనే చెప్పినవ్ గద మొహియుద్దీన్?" అన్నాడు దొర.

మొహియుద్దీన్ కిందికి చూశాడు. బాపు రావు కళ్ళు బతిమాలుతున్నాయి. దొర బతిమాలడం ఆ వంశంలో మూడు తరాలుగా ఎవరూ చూసి ఉండరు. నేను నీ కొడుకును కాస్తాను, నువ్వు నా కొడుకును కాయి అనుకున్నాడు మొహియుద్దీన్. తండ్రికి తండ్రి చెప్పుకునే మాట కదా, నోరు విప్పి అడగాలా? బొటనవేలితో లైటు మొదలును పట్టాలో అర చుట్టు తిప్పాడు. కరెంటు తెగి లైటు ఆరిపోయింది.

"అవ్ దొరా. కాలిపోయింది" అన్నాడు.

"సరే పో. గీ ఒక్కడన్న ఎవడో తెలిస్తె సాలు. వీన్ని వట్టుకుంటె కేసు కాయితం నిండుతది" అన్నాడు సీఐ.

బాపు రావు ఊపిరి కూడా తీసుకోలేదు.

"గా పోరడా? గీ మొహియుద్దీన్ కొడుకే. అస్లం. సిర్సిల్లల మేనత్త ఇంట్ల ఉన్నడు."

సీఐ ఫోను తీసి వరండాలోకి నడిచాడు. మొహియుద్దీన్ చెయ్యి ఆరిన లైటు వైపు మళ్ళీ లేచింది. దొర నిచ్చెన దగ్గరికి వచ్చి, దాని కాలు గట్టిగా పట్టుకొని, మెల్లగా అన్నాడు. "ఇప్పుడే కాలిపోయిందంటివి. సీఐ ముంగట అబద్ధమాడితివి. ఇగ నీ మాట ఎవరు నమ్ముతరు? దిగు. అన్నం తిని పో."

దిగాడు. పెద్ద బల్ల దగ్గర సీఐకి ఎదురుగా కూర్చోబెట్టారు. అతని తండ్రిని గడప దాటనివ్వని వంశం ఇంట్లో, అతనికి దొరసాని స్వయంగా మటను వడ్డించింది. "మీ ముల్లానే పిలిచి కోయిపిచ్చినం. హలాలే, బుగులు పడకు" అంది. ఫిర్దోస్‌కు ఒక్క ఫోను చేస్తే పిల్లవాడు వెనక గోడ దూకి పోతాడు. జేబులో సెల్లు ఉంది. దొర చెయ్యి భుజం మీద ఉంది. లేవబోతే, "ఇంకింత వెయ్యిండ్రి, పని జేసినోడు" అంటున్నాడు. ఆ అన్నం గొంతు ఎట్లా దిగిందని అడగకండి. దిగింది. ముద్ద తరువాత ముద్ద తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, సలాం కొట్టి బయటికి వచ్చాడు.

గేటు దాటి ఫోను చేస్తే ఫిర్దోస్ ఏడుస్తోంది. "ఇప్పుడే తీస్కపోయిండ్రు భయ్యా. చెయ్యి గూడ కడుక్కోనియ్యలే."

స్టేషన్లో రెండు రోజులు ఉంచి జైలుకు పంపారు. రాడ్డు పట్టుకున్నవాడి పేరు చెప్పమని కొట్టారట. పిల్లవాడు చెప్పలేదు. దోస్తు కదా. ఎడమ చెవి ఆ తరువాత సరిగ్గా వినిపించలేదు. మొహియుద్దీన్ దొర గేటుకు నాలుగుసార్లు పోయాడు. నాలుగుసార్లూ దొర మీటింగులో ఉన్నాడు. అయిదోసారి మీటింగుకే పోయాడు. దీక్షా శిబిరంలో మైకు ముందు బాపు రావు పిడికిలి బిగించి, "మా బిడ్డ అస్లంను జైల్ల ఏసిండ్రు! ఎంటనే ఇడిసిపెట్టాలె!" అని గర్జించాడు. పక్కనే దినేశ్ మెడలో కండువా వేసుకొని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. జనమంతా కొట్టారు. చుట్టూ చూస్తున్నారని మొహియుద్దీన్ కూడా కొట్టాడు. అక్కడే వాళ్ళను చీల్చి చెండాడాల్సింది అని నాకనిపిస్తుంది, కానీ నిచ్చెన మీద ఆడిన అబద్ధం అతనిదే, అది అతని నోటికి తాళం వేసింది.

దావత్ అయిన పద్దెనిమిదో రోజు పొద్దున కోరుట్ల ఇంటి ముందు ఒక కానిస్టేబుల్ బండి ఆపాడు. చంకలో ఫైలు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, మర్యాదగా కుర్చీలో కూర్చున్నాడు. మహమూదా బేగం పరదా వెనక నిలబడింది.

"అస్లం ఇల్లు గిదేనా? పాస్‌పోర్ట్ ఎంక్వయిరీ. మనిషి నా ముంగట సంతకం వెట్టాలె. పిలువుండ్రి."

"ఇంట్ల లేడు సార్" అన్నాడు మొహియుద్దీన్.

"ఎక్కడున్నడు?"

"మీ దగ్గర్నే ఉన్నడు."

కానిస్టేబుల్ కలం తీసి, కేసు ఉందని కాగితం మీద ఒక వరుస రాసి, దాని కింద తండ్రి ఎక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపించాడు.