నాగప్ప రాయించిన అర్జీ

నిన్న ఎరువుల దుకాణంలో బిల్లు పుస్తకం తెరవగానే కార్బన్ కాగితం వాసన తగిలింది. దుకాణదారు రెండోసారి పిలిచేదాకా నాకు వినపడలేదు. అప్పటికి నా మనసు తనకల్లులో, బ్యాంకు ఎదురుగా రేకుల పంచన స్టూలు వేసుకుని అర్జీలు రాసే నాగప్పన్న దగ్గర ఉంది.

ఆయన సహకార సంఘంలో గుమాస్తాగా చేసి మానుకున్న మనిషి. డిగ్రీ తప్పి ఖాళీగా తిరుగుతున్న నన్ను, చేతిరాత బాగుందని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఏ అర్జీ అయినా కార్బన్ కాగితం పెట్టి రెండు ప్రతులు రాయాలి. ఒకటి బ్యాంకుకు, రెండోది బ్యాంకు ముద్ర వేయించి రైతు చేతికి. ఆ ముద్ర చూశాకే తన పది రూపాయలు తీసుకునేవాడు. ఖాళీ కాగితం మీద ఎవరైనా వేలిముద్ర వేయబోతే చేయి పట్టుకుని ఆపేవాడు. వరసగా కరువులు. బాకీ కట్టనివాళ్ల పేర్ల జాబితా బ్యాంకు గోడకు వేలాడేది. అందులో పేరుంటే కొత్త అప్పు పుట్టదు. పేరు తీయించమని వచ్చినవాళ్లకు ఆయన చెప్పేది ఒకటే.

"పేరు తప్పుగా పడింటే బ్యాంకోళ్లే ఊరికే తీస్తారు. బాకీ నిజమైతే యా మొనగాడూ తీయలేడు. గడువు అడుగుదాం, ఇస్తే ఇస్తారు."

ఈ మాట చాలామందికి రుచించేది కాదు. నాకూ రుచించలేదు. కదిరి నుంచి మోటారు సైకిల్ మీద ఒక ఏజెంటు వచ్చేవాడు. అనంతపురం ఆఫీసులో తన మనిషి ఉన్నాడని, ఎంత పాత బాకీ అయినా రెండు నెలల్లో పేరు మాయం చేయిస్తానని అనేవాడు. డబ్బు ముందే ఇవ్వాలి, రసీదు ఉండదు. నేను పంపిన ఒక్కో మనిషికీ రెండు వందల చొప్పున నాకు ఇచ్చేవాడు. నాగప్పన్నకు తెలియకుండా నలుగురిని పంపాను.

వాళ్లలో ఒకడు నరసింహులు. ఐదెకరాల మెట్ట, వేరుశనగ తప్ప మరో పంట ఎరగడు. వానలకు ముందు విత్తనాలకు అప్పు కావాలి. తన బాకీ ఎప్పుడో తీర్చేశానని, పేరు ఎందుకు పడిందో తెలియదని చెబుతుంటే నేను సరిగా విననైనా లేదు. గొర్రెలమ్మి ఏజెంటుకు కట్టాడు. ఏజెంటు నేర్పిన మాట అతనికి చెప్పింది నేనే. "ఈ రెండు నెల్లూ బ్యాంకు పక్కకు పోవాకప్పా. పోతే పని చెడిపోతాది."

"నువ్వు నాగప్పన్న మనిషివి. నీ మాట కాదంటానా?" అన్నాడు.

వాన పడింది. ఏజెంటు మళ్లీ కనపడలేదు. చుట్టుపక్కల అందరూ విత్తుకున్నారు. నరసింహులు చేను బీడుగా ఉండిపోయింది. అదను దాటాక వచ్చి మా ముందు కూలబడ్డాడు. నాగప్పన్న అంతా విని, బ్యాంకులోకి వెళ్లి అరగంటలో తిరిగొచ్చాడు. బాకీ పడింది పక్క పల్లెలో అదే పేరు, అదే తండ్రి పేరు ఉన్న మరొకతను. ఒక్క కాగితంతో, ఊరికే అయిపోయే పని అది.

నరసింహులు మంచినీళ్లకు లేచినప్పుడు ఆయన నా వైపు తిరిగాడు. ఎంత ముట్టిందని అడగలేదు. "నీ మొగం చూసి ఇయ్యలేదురా వాడు. నా పక్కన కూచున్నావని ఇచ్చినాడు." కాగితం నా ముందుకు తోశాడు. "అర్జీ నువ్వే రాయి. జరిగింది కూడా వానికి నువ్వే చెప్పు. నేను చెప్పను."

అర్జీ రాశాను. ఎనిమిది రోజుల్లో పేరు కొట్టేశారు. రెండో పని మాత్రం చేయలేదు. నరసింహులు పెళ్లాంతో బెంగళూరుకు కట్టడం పనికి పోయాడు. డబ్బు పోగొట్టుకున్న మిగతా ముగ్గురూ నాగప్పకు ఇందులో వాటా ఉందని ఊరంతా చెప్పారు. ఆయన ఔననలేదు, కాదనలేదు. ఎప్పుడైనా నా వైపు చూసేవాడు, అంతే. జనం రావడం మానుకున్నారు. మరుసటి ఏడు స్టూలు ఇంటికి తీసుకుపోయాడు. ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు.

కొన్నేళ్లకు కదిరి బస్టాండులో నరసింహులు కనపడ్డాడు. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఆ నాగప్ప వాటా తినె. నువ్వు మాత్రం అర్జీ రాసి నా పేరు తీయించినావప్పా," అన్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది. బెంగళూరులో పనులు ఎట్లా ఉన్నాయని అడిగాను.

నరసింహులు చదవలేడు. ఎవరైనా చదివి వినిపిస్తారని రాస్తున్నాను. నాగప్పన్న ఒక్క రూపాయి తినలేదు. తిన్నది నేను.