ఏడుపు వినపడేంత సౌండు

“ఈ స్పీకర్లు మోగుతున్నప్పుడు లోపలి గదిలో పాప ఏడిస్తే మనకు వినపడకపోతే?”

ఈ మాట అన్నది పాప తండ్రి. ఫిజిక్సులో పీజీ చేసినవాడు, పాప పుట్టినప్పటినుంచి కంటినిండా నిద్ర లేనివాడు. స్పీకర్లు కొన్నదీ తనే, భయపడుతున్నదీ తనే. కొన్నది సినిమా పిచ్చితో కాదు, పక్క ఫ్లాట్ వాడి మీద కసితో. ఆ మనిషి సాయంత్రాలు ఉన్నట్టుండి గోడలదిరేలా టీవీ పెంచుతాడు. కాసేపటికి తగ్గిస్తాడు. రెండుసార్లు వెళ్లి అడిగితే నవ్వి తలుపేసుకున్నాడు. సౌండంటే ఏమిటో వాడికి చూపిద్దామని హోమ్ థియేటర్ ఇంటికి మోయించుకొచ్చాడు.

దాన్ని అమర్చడానికి వచ్చింది భార్య మేనమామ. చుట్టాలందరికీ పిడికిలి మావయ్య. హాళ్లలో, ఇళ్లలో స్పీకర్లు బిగించడం ఆయన వృత్తి. పేరు మాత్రం వృత్తి వల్ల వచ్చింది కాదు. విరిగి అతికిన ముక్కే చెబుతుంది ఎలా వచ్చిందో. ఎడమ చెవి చిన్నప్పుడే పోయింది.

“వినపడాలి. ఆ పరీక్ష పెట్టకుండా నేను ఏ గడపా దాటను” అన్నాడాయన.

ముందు రెండు స్పీకర్లనూ గోడనుంచి బాగా ఇవతలికి లాగాడు. సోఫాలో కూర్చున్నవాడి చెవి ఎత్తున నిలబెట్టాడు. రెండింటి మధ్య ఎంత దూరముందో సోఫాకూ అంతే దూరం వచ్చేలా జరిపి, మొహాలు కొద్దిగా లోపలికి తిప్పాడు. బేస్ పెట్టెను ఏకంగా సోఫా మీదికెక్కించి, పాట పెట్టి, తను నేలమీద పాకడం మొదలుపెట్టాడు.

“పెట్టెను మన సీట్లో కూర్చోబెట్టి మనం దాని చోటు వెతకాలి అల్లుడూ. పాకుతుంటే ఎక్కడ గుడగుడ లేకుండా నిండుగా వినపడుతుందో, అక్కడే దాన్ని పెట్టాలి.”

“మా పాప నీకన్నా బాగా పాకుతుంది మావయ్యా” అంది మేనకోడలు, చంకలో పాపతో.

“దాని మోకాళ్లు కొత్తవే. నావి సెకండ్ హ్యాండువి.”

సరిగ్గా అప్పుడే పక్క ఫ్లాట్లో టీవీ పెరిగింది.

“ఇదిగో, మొదలెట్టాడు! చెవిటివాడేమో” అన్నాడు పాప తండ్రి. తన సౌండు ఇంకా పెంచబోయాడు.

“ఆపు” అన్నాడు మావయ్య. పెట్టెలు ఆగాయి. ఆయన కుడి చెవి గోడకు ఆనించి కదలకుండా ఉండిపోయాడు. లేచేసరికి మొహంలో నెత్తురు లేదు.

“చెవిటివాణ్ని నేను, వాడు కాదు. మా నాన్న బెల్టు తీసేముందు రేడియో పెంచేవాడు. ఆయనకు పాటలంటే ప్రాణమనుకునేది వీధంతా. నా ఈ చెవి ఓ పాట మధ్యలో పోయింది.”

అంటూనే బయటికి నడిచాడు. పాప తండ్రి వెంట పరుగెత్తాడు. మావయ్య మూడు తన్నులకు పక్క ఫ్లాట్ గడియ ఊడి ఎగిరిపడింది.

లోపల టీవీలో జనం పగలబడి నవ్వుతున్నారు. గోడవారన ఆడమనిషి, నోటినిండా రక్తం. బల్లకింద ఆమె కూతురు, ఏడుపు బయటికి రాకుండా తన మణికట్టు తనే కొరుక్కుంటోంది. ఆ మనిషి చేతికి చుట్టిన బెల్టు, కొస నుంచి వేలాడే ఇనుప బకిల్.

మావయ్య ముందు అతన్ని ముట్టుకోలేదు. టీవీ ప్లగ్గు పీకాడు.

బకిల్ ఆయన కనుబొమ్మను చీల్చింది. మావయ్య బెల్టు పట్టి లాగి దవడమీద ఒక్కటిచ్చాడు. పళ్లు నేలమీద రాలాయి. ఆ మనిషి ఇస్త్రీపెట్టె అందుకుని ఎడమవైపునుంచి మోదాడు. ఆ వైపు ఏం వస్తోందో మావయ్యకు వినపడదు. భుజం ఎముక విరిగిన చప్పుడు గుమ్మం దాకా వినిపించింది. అయినా ఆయన పడలేదు. అతన్ని కిందపడేసి, ఛాతీమీద మోకాలు వేసి, బాగున్న చేత్తో గొంతు నొక్కాడు. అతని మొహం నల్లబడింది. కాళ్లు కొట్టుకోవడం మానేస్తున్నాయి.

“మావయ్యా, చచ్చిపోతాడు! వదిలెయ్!” పాప తండ్రి రెండు చేతులతో లాగినా ఆ చెయ్యి కదల్లేదు. చచ్చేది వాడైనా, మావయ్య బతుకంతా జైలుపాలే.

అప్పుడు బల్లకిందినుంచి ఆ పిల్ల గొంతెత్తి ఏడ్చింది.

మావయ్య వేళ్లు విడిపోయాయి. “వినపడిందమ్మా, వినపడింది” అంటూ నేలమీద కూలబడ్డాడు. పాప తండ్రి పిల్లను ఎత్తుకుని పోలీసులకు ఫోన్ చేశాడు.

ఆ మనిషిని పోలీసులు తీసుకెళ్లాక, కూతురితో అక్కగారింటికి బయల్దేరుతూ అతని భార్య పాప తండ్రి గుమ్మం దగ్గర ఆగింది. “మీరు తలుపు కొట్టిన రెండుసార్లూ మా కోసమే వచ్చారనుకున్నానన్నా” అంది.

కట్టు విప్పకముందే మావయ్య మిగిలిన పనికి వచ్చాడు. పాపను ఏడిపించడం దేనికని మేనకోడల్ని లోపలి గదిలోకి పంపి ఏడవమన్నాడు. “సీరియల్ ఏడుపు కాదే, పసిపిల్ల ఏడుపు!” అని కేకేసి నవ్వబోయి, భుజం పట్టుకుని మూలిగాడు. ఏడుపు తేటగా వినపడే చోట వాల్యూమ్ నాబ్‌ను ఆపి, అక్కడ గోళ్లరంగుతో ఎర్రచుక్క పెట్టాడు.

పాప తండ్రి ఆ చుక్కను ఇంతవరకూ దాటలేదు. గోడవతల ఎవరి టీవీ పెరిగినా ముందు తనది కట్టేస్తాడు, చెప్పులేసుకుంటాడు. ఆ రోజు మావయ్య ఒంటి చేత్తో సామాను సర్దుకుంటూ చెప్పింది అదే మరి.

“పక్కింట్లో సౌండు ఉన్నట్టుండి పెరిగిందా, నీది పెంచకు అల్లుడూ. నీది ఆపి, విను. విన్నాక వెళ్లి తలుపు కొట్టు. తగ్గించమని అడక్కు. లోపల అందరూ బాగున్నారా అని అడుగు.”