ఆకుపచ్చ జెర్సీ, ఖాళీ కంచం

మా అక్కయ్య ఫోన్ చేసి, "సైకిల్ రేసులో తొక్కే అతను ఒకడు వారం రోజులు మా ఇంట్లో ఉంటాడే" అని చెప్పింది. ఫోన్ పెట్టేసిన ఐదు నిమిషాల్లో నేనూ ఒకణ్ణి మా ఇంటికి రాయించుకున్నాను. అక్కయ్య అంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు. మా ఆయన అన్నగారి భార్య.

ఎనభైల మధ్య నాటి మాట ఇది. మేముండే మోరిస్‌విల్ అంటే అప్పటికి ఒక రైలు పట్టా, ఒక పోస్టాఫీసు, మిగిలినదంతా పైన్ చెట్లు. అన్నదమ్ములిద్దరూ పక్కనే ఉన్న రీసెర్చ్ పార్కులో ఒకే కంపెనీలో పనిచేసేవారు. మా రెండిళ్ళకీ మధ్య రెండు వీధుల దూరం. అక్కయ్య నాకంటే పదకొండు నెలలు ముందు అమెరికా వచ్చింది. ఆ పదకొండు నెలల పెద్దరికాన్ని ఆవిడ ఏనాడూ వదులుకోలేదు. నేను పెరట్లో రెండు టొమాటో మొక్కలు వేస్తే ఆవిడ వంగ, బెండ, గోంగూర వేసేది. నేను డ్రైవింగ్ టెస్టు రెండోసారికి పాసయ్యానంటే, "నాకు మొదటిసారికే ఇచ్చేశాడే, ఆ ఆఫీసరు మంచివాడులే" అనేది. పైకి మాత్రం మేం ఎంత కలిసిమెలిసి ఉండేవాళ్ళమంటే, చూసినవాళ్ళంతా ముచ్చటపడేవాళ్ళు.

ఆ వేసవిలో మా చుట్టుపక్కల ఊళ్ళ మీదుగా ఆరు రోజుల సైకిల్ రేసు పెట్టారు. అందరూ జీతానికి తొక్కే ప్రొఫెషనల్సే. డబ్బున్న టీములు మోటెల్లో దిగాయి. లేని టీముల వాళ్ళని ఊళ్ళో వాళ్ళ ఇళ్ళల్లో సర్దారు. మా వీధి చివర ఉండే ఒక ముసలావిడ కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ఎవరింట్లో ఖాళీ గది ఉందో రాసుకుంది.

మావాడు ఆదివారం సాయంత్రం వచ్చాడు. తలుపు తీయగానే నాకు ముందు కనిపించినవి అతని తొడలు. అలాంటి తొడలు అంతకుముందు నేను పౌరాణిక నాటకాల్లో భీముడి వేషానికి గుడ్డలు చుట్టి కట్టగా చూశాను. ఇతనివి సొంతవి. టీము వాళ్ళతో భోంచేసే వచ్చానన్నాడు. మొదటి రోజే అలా చేసినందుకు నాకు కోపం వచ్చింది, కానీ కొత్త కదా అని గ్లాసుడు పాలతో సరిపెట్టాను.

పాలు తాగుతూ తన సంగతి తనే చెప్పాడు. వయసు ఇరవై తొమ్మిది. ఈ రేసుతో వాళ్ళ టీము మూసేస్తున్నారు. ఈ రేసులో పాయింట్ల జెర్సీ గెలిస్తే ఇంకో టీము తీసుకుంటానంది. లేకపోతే వచ్చే సోమవారం నుంచి వాళ్ళ నాన్నతో కలిసి ఇళ్ళకి పైకప్పులు వేసే పనిలోకి వెళ్ళాలి. "ముసలాణ్ణయిపోయాను మ్యామ్" అన్నాడు. అప్పటికి నాకు ముప్ఫై ఒకటి. ఆ మాట నాకు నచ్చలేదు.

పాయింట్లంటే ఏమిటో కూడా అతనే బల్ల మీద చెంచాలు పేర్చి చూపించాడు. ఆరు రోజులూ కలిపి తక్కువ టైములో తొక్కినవాడు రేసు విజేత. అది కొండలెక్కే బక్కపలచని వాళ్ళ గొడవ. మావాడు స్ప్రింటర్. రోజూ దారిలో రెండుచోట్ల గీత గీస్తారు, చివర ముగింపు గీత ఉండనే ఉంది. వాటిని ముందుగా దాటిన కొద్దిమందికీ పాయింట్లు. చివరికి ఎక్కువ పాయింట్లున్నవాడికి ఆకుపచ్చ జెర్సీ. స్ప్రింటర్ నాలుగు గంటల పాటు గాలి తగలకుండా ఇంకొకడి వెనక చక్రాన్ని అంటిపెట్టుకుని దాక్కుంటాడు. ఆఖరి రెండొందల గజాల్లో పక్కకి తప్పుకుని, ప్రాణం పెట్టి తొక్కి ముందుకొస్తాడు. ఇందులో నాకు వింతేమీ కనబడలేదు. ప్రతి పెళ్ళిలోనూ అక్కయ్య వెనకెక్కడో ఉండి, ఫోటో తీసే వేళకి సరిగ్గా ముందు వరసలో తేలేది.

"మరి నీకు పోటీ ఎవరు?" అని అడిగాను.

ఒక కుర్రవాడున్నాడట, ఇరవై నాలుగేళ్ళవాడు. పోయినేడు ఇంకో రేసులో ఇదే జెర్సీని ఇతని చేతిలోంచి లాక్కుపోయాడు. ఆ కుర్రవాడు దిగింది ఎవరింట్లోనో నేను వేరే చెప్పక్కర్లేదు.

సోమవారం మొదటి రోజు రేసులో ఆ కుర్రవాడు ఫస్టు, మావాడు సెకండు. సాయంత్రం ఇంటికి రాగానే భోజనానికి కూర్చోబెట్టాను. పులిహోర, ముద్దపప్పు, అరటికాయ వేపుడు, పెరుగు. తిన్నాడు. మా వైపు కంచం ఖాళీ అయిందంటే ఇంకా కావాలని అర్థం. వద్దన్నవాడిది మొహమాటం. మూడుసార్లు వద్దన్నాక కూడా ఒక గరిటె వేస్తేనే మర్యాద చేసినట్టు. మావాడికేమో వాళ్ళమ్మ చిన్నప్పుడే చెప్పిందట, ఎవరింట్లో తిన్నా కంచంలో మెతుకు మిగల్చకూడదని. నేను వడ్డించాను, అతను ఖాళీ చేశాడు. ఖాళీ అయింది కదా అని మళ్ళీ వడ్డించాను. ఇది గంటన్నర నడిచింది. ఇంత ఆకలి పెట్టుకుని అడగడేం పాపం అని నాకు జాలేసింది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు గానీ, నేను పెట్టాను.

మంగళవారం మావాడు ఎనిమిదోవాడిగా వచ్చాడు. బుధవారం తొమ్మిది. విచిత్రమేమిటంటే ఆ కుర్రవాడు కూడా ఏడు, పది. బుధవారం సాయంత్రం మావాడు మా హాల్లో కార్పెట్ మీద వెల్లకిలా పడుకుని సీలింగు చూస్తున్నాడు. నేను వంటింట్లో గుత్తివంకాయ చేస్తున్నాను. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి అటూ ఇటూ చూసి, "ఏమోయ్, ఇతను రేసుకొచ్చాడా, ఇల్లరికం వచ్చాడా?" అని అడిగారు.

భోజనాల దగ్గర మావాడు చాలా వినయంగా, చేతులు కట్టుకుని, "మ్యామ్, మీ ఇంట్లో భోజనం ఎలా ఆగుతుంది?" అన్నాడు.

ఎత్తిన గరిటె గిన్నెలో పెట్టేశాను. మూడు రోజులుగా ఆ మనిషి ఉద్యోగాన్ని నేను నెయ్యి వేసి కలిపి ముద్దలు చేస్తున్నానన్నమాట. అప్పటికప్పుడు కూర్చోబెట్టి నేర్పించాను. కంచం ఖాళీ అయ్యేదాకా ఆగకూడదు. రెండు ముద్దలు ఉండగానే ముందుకు వంగి, రెండు చేతులూ కంచానికి అడ్డం పెట్టి, తల ఊపుతూ "చాలు చాలు" అనాలి. ఒక్కసారి అంటే నమ్మరు, రెండుసార్లు అనాలి. మావాడు నాలుగైదు సార్లు ప్రాక్టీసు చేశాడు. ఆ వంగడం సైకిల్ హ్యాండిల్ మీద వంగినట్టే ఉండేది కాబట్టి తొందరగానే పట్టుబడింది.

గురువారం మావాడు ఫస్టు వచ్చాడు. దారిలో ఉన్న రెండు గీతలూ కూడా అతనివే.

ఆ సాయంత్రం అక్కయ్య ఫోన్ చేసింది. "మావాడు నిన్న పన్నెండు గారెలు తిన్నాడే. పాపం ఎంత ఆకలో, వద్దంటూనే ఖాళీ చేసేస్తాడు" అంది. చెప్పాల్సిన క్షణం అదే. చెప్పలేదు. "కష్టపడే ఒళ్ళు అక్కయ్యా, బాగా పెట్టు" అన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. శుక్రవారం ఆ కుర్రవాడు పుంజుకోవడంతో, సాయంత్రానికి లెక్క చూస్తే ఇద్దరి పాయింట్లూ సరిసమానం, ఇంక మిగిలింది శనివారం ఒక్కటే. కూర్చుని మినప్పిండి, బెల్లం, నెయ్యి కలిపి ఇరవై సున్నుండలు చుట్టి డబ్బాలో పెట్టాను. మావాడు చూసి ఎవరికని అడిగాడు.

"మా అక్కగారింట్లో ఉన్న అబ్బాయికి" అన్నాను.

ఒక సున్నుండ తీసి చేతిలో బరువు చూసుకున్నాడు. నా మొహం చూశాడు. ఎలాగూ కాళ్ళు సడలించుకోడానికి ఒక రౌండు వెళ్తున్నాను, నేనే ఇచ్చొస్తానని డబ్బా తీసుకున్నాడు.

శనివారం పొద్దున్నే మళ్ళీ అక్కయ్య ఫోను. "ఏమిటోనే, మావాడు ఇవాళ కంచం మీదికి వంగిపోయి, రెండు చేతులూ అడ్డం పెట్టి చాలు చాలు అంటున్నాడు. ఎవరు నేర్పారో ఏమో, అచ్చం మన పెళ్ళి భోజనాల్లో పెద్దవాళ్ళలాగే."

ఫోన్ పెట్టేసి గరాజులోకి వెళ్ళాను. మావాడు టైర్లకి గాలి కొడుతున్నాడు.

"నువ్వేనా చెప్పింది?"

"అవును మ్యామ్."

"నీ ఉద్యోగం ఉందా లేదా చూసుకోవా? నేను నీ కోసమే కదా..."

"తెలుసు మ్యామ్. థాంక్యూ." కాసేపు పంపు కొట్టి, తల ఎత్తకుండానే అన్నాడు. "ఏడాదిగా వాడి వెనకాల తిరుగుతున్నాను. నేను గెలవాల్సింది వాడి కాళ్ళ మీద. మీ అక్కగారి గారెల మీద కాదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. లోపలికొచ్చి గిన్నెలన్నీ చప్పుడయ్యేలా కడిగాను. అంత పాపం కట్టుకుని నేను చేసిన పనిని ఇతను ఒక్క మాటతో కడిగేశాడని కోపం. అతనే నయం, నేనే చెడ్డదాన్నయ్యానని ఇంకా కోపం.

ఆఖరి రోజు రేసు పక్క ఊళ్ళో, మెయిన్ స్ట్రీట్ చుట్టూ రౌండ్లు. ముగింపు గీత దగ్గర కంచె పట్టుకుని నేనూ అక్కయ్యా పక్కపక్కనే నిలబడ్డాం. మధ్య గీతలు చెరొకటి దక్కాయి కాబట్టి, ఇద్దరిలో ఎవరు ముందు దాటితే జెర్సీ వాడిదే. చివరి మలుపులో గుంపు తిరిగింది. ఆ కుర్రవాడు ముందు, మావాడు వాడి వెనక చక్రం మీద. ఒక్కసారిగా మావాడు పక్కకి తీశాడు. భుజం పక్కన భుజం, ఇద్దరి నోళ్ళూ తెరుచుకుని, సైకిళ్ళు అటూ ఇటూ ఊగిపోతూ మా ముందు నుంచి దూసుకుపోయారు. ఎవరు ముందో మాకు తెలియలేదు. జడ్జీలు ఫోటో చూసేదాకా ఎవరికీ తెలియలేదు. పావుగంట తర్వాత మైకులో చెప్పారు. టైరు వెడల్పు తేడాతో ఆ కుర్రవాడు.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపన్నట్టు, నేను ఆ నవ్వు కోసమే బిగబట్టుకుని నిలబడ్డాను. అక్కయ్య నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుంది.

"సున్నుండలు ఒక్కటి కూడా వాడికి పెట్టలేదులే" అంది. "మీ బావగారు తినేశారు. ఇన్నేళ్ళలో నేను అడక్కుండా నువ్వు నాకు ఏదైనా పంపించావటే? డబ్బా చూడగానే అనుకున్నాను, దీని వెనక ఏదో ఉందని."

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. అక్కయ్య తన కొంగు ఇచ్చింది.

మధ్యాహ్నం మూడింటికి మావాడు ఇంటికొచ్చాడు. స్నానం చేసి, సంచీ సర్దుకుని, తడి తలతోనే వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. అయిదింటికి వాళ్ళ టీము వ్యాను వస్తుంది. అన్నం, పప్పు, వంకాయ కూర పెట్టాను, కొంచెం కొంచెంగానే. అతను అడ్డం పెట్టాలని ఎదురుచూస్తూ గరిటె పట్టుకుని నిలబడ్డాను. రెండు ముద్దలు మిగిలాయి. ఒక ముద్ద మిగిలింది. అదీ అయిపోయింది. అతని చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

కంచం నాకేసి కొంచెం జరిపాడు.

వడ్డించాను. తిన్నాడు. మళ్ళీ వడ్డించాను. ఆరు రోజుల్లో మొదటిసారి, తల వంచుకుని, రుచి తెలిసి తిన్నాడు. మధ్యలో ఒకసారి వంకాయ బాగుందన్నాడు. ఇంట్లో ఉన్నదంతా అయిపోయాక నేను వంటింట్లోకి వెళ్ళి రెండు వీధుల అవతలికి ఫోన్ చేశాను. అక్కయ్య ఏమిటని అడగలేదు. అరగంటలో గారెల గిన్నె పట్టుకుని ఎండలో నడుచుకుంటూ వచ్చింది.